అగ్నిని తట్టుకొనే గాజు నార ఉష్ణబంధకాల రూపకల్పన

1. ఉపోద్ఘాతం

హిందూపురంలో కౌన్సెలింగ్ తరగతులు చెప్పడానికి నేను చాలా ఏళ్లు ధర్మవరం నుంచి రైల్లో వెళ్లి వచ్చేవాణ్ణి. ఈ మార్గంలో జరిగిన రెండు ప్రమాదాలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. 2012 మే 22 తెల్లవారుజామున హంపి ఎక్స్‌ప్రెస్ పెనుకొండ స్టేషనులో ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొన్నది. ఒక పెట్టెకు మంటలు అంటుకున్నాయి. 25 మంది మరణించారు. 2013 డిసెంబరు 28 తెల్లవారుజామున బెంగళూరు నుంచి నాందేడ్ వెళ్తున్న ఎక్స్‌ప్రెస్‌లో, కొత్తచెరువు సమీపాన, బి-1 ఏసీ పెట్టె తగలబడింది. 26 మంది మరణించారు. వారిలో పలువురిని మంటకన్నా ముందు పొగే బలిగొన్నదని అప్పటి వార్తలు తెలిపాయి.

ఆ ప్రమాదాలకు గోడలోని ఉష్ణబంధకం కారణమని నేను చెప్పడం లేదు. పెట్టెలో మండే వస్తువులు ఎన్నో ఉంటాయి: తెరలు, దుప్పట్లు, సీట్ల నురుగు, ప్లాస్టిక్ పలకలు, ప్రయాణికుల సామాన్లు. అయితే ఏసీ పెట్టె బయటి ఉక్కు రేకుకూ లోపలి పలకకూ మధ్య చల్లదనాన్ని కాపాడే ఒక పొర ఉంటుంది. దాని గురించి పదార్థశాస్త్రం చదివే మీరు అడగవలసిన ప్రశ్నలు రెండు. నిప్పు తగిలితే ఆ పొర మంటకు ఎంత తోడవుతుంది? మంటను ఎన్ని నిమిషాలు ఆపుతుంది? ఇవి రెండూ ఒకటే ప్రశ్న అనుకోవడం విద్యార్థులు సాధారణంగా చేసే పొరపాటు. ఈ పాఠమంతా ఆ తేడా గురించే.

2. గాజు నార వేడిని ఎలా ఆపుతుంది?

గట్టి గాజు పలక ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 1 వాట్. అదే గాజును నారగా తీసి ఉన్నిలా పేరిస్తే అది 0.035 ప్రాంతానికి పడిపోతుంది. నిశ్చలమైన గాలి వాహకత 0.025. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. వేడిని ఆపుతున్నది గాజు కాదు, గాలి. గాలిని కదలనీయకుండా, అంటే సంవహనం జరగనీయకుండా, చిన్న చిన్న గదుల్లో బంధించి ఉంచడమే నార చేసే పని. వికిరణంగా వచ్చే వేడిని కూడా నారపోగులు చెదరగొడతాయి. ఉన్ని మరీ పలచనైతే వికిరణం దూసుకుపోతుంది, మరీ దట్టమైతే పోగుల గుండా వహనం పెరుగుతుంది.

దీని తయారీ మీరు చూడనిదేమీ కాదు. పెనుకొండ బాబయ్య ఉరుసులో పీచు మిఠాయి బండి దగ్గర ఒక్క నిమిషం నిలబడితే చాలు. తిరిగే గిన్నెలో కరిగిన చక్కెర అంచు రంధ్రాల గుండా పోగులై చిమ్ముతుంది. గాజు ఉన్ని కర్మాగారంలో చక్కెర బదులు కరిగిన గాజు, గిన్నె బదులు వేల రంధ్రాలున్న మిశ్రలోహపు చక్రం ఉంటాయి. బయటికి వచ్చిన పోగులను వేడి వాయువుల ధార ఇంకా సన్నగా సాగదీస్తుంది. గాలిలో ఉండగానే వాటిమీద రెసిన్ జిగురు చల్లి, జల్లెడ పట్టీమీద పరుపుగా పేర్చి, పొయ్యిలో గట్టిపరుస్తారు. ఆ జిగురును గుర్తుపెట్టుకోండి. దాని దగ్గరికి మళ్లీ వస్తాం.

3. మండకపోవడం వేరు, మంటను ఆపడం వేరు

ధర్మవరంలో పట్టుచీర కొనేవారు ఒక పోగు తీసి నిప్పు అంటించి చూడటం మీకు తెలుసు. అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి తనంతట తానే ఆరిపోతుంది, కృత్రిమ పోగు కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పదార్థం మండే గుణాన్ని తెలుసుకోవడానికి అదొక మంచి పరీక్ష. దానికి ప్రయోగశాల రూపం ఐఎస్ఓ 1182 ప్రమాణం. చిన్న నమూనాను 750 డిగ్రీల సెల్సియస్ కొలిమిలో వేలాడదీసి అది మండుతుందా, కొలిమి ఉష్ణోగ్రతను పెంచుతుందా, ఎంత బరువు కోల్పోతుంది అని చూస్తారు. గాజు ఉన్ని సాధారణంగా ఇందులో నెగ్గుతుంది.

కానీ ఈ పరీక్షలో నెగ్గిన నమూనాను బయటికి తీసి చూస్తే అది ఉన్నిలా ఉండదు. కుదించుకుపోయి చిన్న ముద్దగా మారి ఉంటుంది. అది మండలేదు, నిజమే. కానీ గాలిని బంధించిన గదులు పోయాయి. గోడలో అదే జరిగితే అక్కడ ఖాళీ ఏర్పడి, మంట అవతలి వైపునకు దారి చేసుకుంటుంది.

కాబట్టి రెండో పరీక్ష కావాలి. భవనాల గోడలను, తలుపులను పరీక్షించే కొలిమిని ఐఎస్ఓ 834 ప్రమాణం ప్రకారం ఇలా వేడి చేస్తారు:

ఉష్ణోగ్రత = 20 + 345 × లాగ్ (8 × నిమిషాలు + 1)

ఇక్కడ లాగ్ అంటే 10 ఆధారంగా సంవర్గమానం. లెక్క మీరే కట్టి చూడండి. 5 నిమిషాలకు 576 డిగ్రీలు, 10 నిమిషాలకు 678, 30 నిమిషాలకు 842, గంటకు 945 వస్తాయి. ఇప్పుడు ఈ అంకెల పక్కన గాజు మెత్తబడే ఉష్ణోగ్రతలను పెట్టండి. మామూలు గాజు ఉన్ని 650, 700 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది. అంటే వేడి తగిలే ముఖం సుమారు పది నిమిషాల్లో కుంగడం మొదలవుతుంది. విద్యుత్ పరికరాల కోసం రూపొందిన ఈ-గ్లాస్ సుమారు 840 డిగ్రీల దాకా ఆగుతుంది, అంటే అరగంట. రాతి ఉన్ని 1000 డిగ్రీలు దాటాక కూడా ఆకారం నిలుపుకొంటుంది. పొర లోపలి భాగం ఆలస్యంగా వేడెక్కుతుంది కాబట్టి నిజమైన గోడ కొంత ఎక్కువసేపే నిలుస్తుంది. మరోవైపు, ఇరుకైన రైలు పెట్టెలో మంట ఈ సూత్రం కన్నా వేగంగా పెరగవచ్చు. నిద్రలో ఉన్నవారు లేచి, పొగలో తలుపు వెతుక్కొని దిగడానికి పట్టే సమయాన్ని ఒక్కసారి ఊహించండి. పది నిమిషాలకూ ముప్పై నిమిషాలకూ ఉన్న తేడా అప్పుడు అర్థమవుతుంది.

4. జిగురు సంగతి

ఒకసారి నా ప్రయోగశాలలో ఒక విద్యార్థి పసుపు రంగు గాజు ఉన్నిని 500 డిగ్రీల కొలిమిలో పెట్టాడు. కాసేపటికి గదంతా ఘాటైన పొగ. కిటికీలన్నీ తెరిచాం. బయటికి తీస్తే ఉన్ని తెల్లగా అయింది, చేత్తో ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. "ఇది మండదన్నారు కదా సార్?" అన్నాడు. గాజు మండలేదు, జిగురు మండింది. పసుపు రంగూ, పరుపు పట్టుత్వమూ ఆ జిగురువే.

అది ఎక్కువగా ఫినాల్-ఫార్మాల్డిహైడ్ రెసిన్. బరువులో సుమారు 5 శాతం ఉంటుంది. 230, 250 డిగ్రీలు దాటితే విచ్ఛిన్నమవుతుంది. అందుకే గాజు 650 డిగ్రీల దాకా ఆగినా, జిగురున్న ఉన్నిని ఆ వేడిలో వాడరు.

జిగురు మంటకు ఇచ్చే ఇంధనం ఎంత? 50 మిల్లీమీటర్ల మందం, ఘనపు మీటరుకు 24 కిలోల సాంద్రత ఉన్న ఉన్ని తీసుకుందాం. చదరపు మీటరుకు 1.2 కిలోలు. అందులో జిగురు 60 గ్రాములు. ఫినాలిక్ రెసిన్ కిలోకు సుమారు 28 మెగాజౌళ్లు విడుదల చేస్తుంది, కాబట్టి మొత్తం 1.7 మెగాజౌళ్లు. అదే స్థలంలో ఘనపు మీటరుకు 20 కిలోల పాలిస్టైరీన్ నురుగు పెడితే చదరపు మీటరుకు ఒక కిలో, అంటే 40 మెగాజౌళ్లు. దాదాపు ఒక కిలో కిరోసిన్‌తో సమానం. తేడా ఇరవై రెట్లకు పైనే. గాజు ఉన్నిని వెనకేసుకురావడానికి నాకు ఈ ఒక్క లెక్క చాలు.

అయినా జిగురును తేలికగా తీసుకోకూడదు. మందమైన పరుపును వేడి గొట్టానికి చుడితే జిగురు లోలోపల ఆక్సీకరణం చెందుతుంది. ఆ వేడి బయటికి పోలేదు, ఎందుకంటే అది ఉష్ణబంధకం. ఊక కుప్ప లోపల రాజుకున్నట్టు, పరుపు మధ్యభాగం ఉష్ణోగ్రత గొట్టం ఉష్ణోగ్రతను మించిపోతుంది. పైకి మంట కనిపించదు. కార్బన్ మోనాక్సైడు మాత్రం వస్తుంది.

5. రూపకల్పన మార్గాలు

మొదటిది, గాజు కూర్పును మార్చడం. గాజులో సిలికా ఒక అల్లిక. సోడియం ఆక్సైడు ఆ అల్లికను అక్కడక్కడ తెంచుతుంది, అందుకే తక్కువ వేడికే కరిగి నార తీయడం సులువవుతుంది. అదే కారణంగా మంటలోనూ తొందరగా మెత్తబడుతుంది. సోడియం తగ్గించి అల్యూమినా, సున్నం పెంచితే ఈ-గ్లాస్ లాంటిది వస్తుంది. అందులోంచి బోరాన్ కూడా తీసేస్తే మెత్తబడే ఉష్ణోగ్రత 900 దాటుతుంది. ఇవేవీ ఉచితంగా రావు. కొలిమి మరింత వేడిగా ఉండాలి, ఇంధనం ఎక్కువ కావాలి, తిరిగే చక్రం త్వరగా అరిగిపోతుంది. ఇంకొక చిక్కు ఆరోగ్యానికి సంబంధించింది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన సన్నని పోగు అక్కడి ద్రవాల్లో త్వరగా కరిగిపోవాలని నేటి శాస్త్రజ్ఞులు కోరుకుంటారు. ఆస్‌బెస్టాస్ అనుభవం మిగిల్చిన జాగ్రత్త ఇది. గాజు ఉన్నిలో అల్యూమినా పెంచితే ఆ కరిగే గుణం తగ్గుతుంది. మంటలో నిలవాలి, ఊపిరితిత్తిలో నిలవకూడదు: పరిశోధకుడి తలనొప్పి అంతా అక్కడే.

రెండోది, నార తీశాక గాజును మార్చడం. ఈ-గ్లాస్ బట్టను ఆమ్లంలో నానబెడితే సిలికా కాని ఆక్సైడులు కరిగిపోయి, 96 శాతానికి మించి సిలికా ఉన్న బట్ట మిగులుతుంది. అది 1000 డిగ్రీల దగ్గర కూడా పనిచేస్తుంది, కానీ బలం తగ్గుతుంది, ధర చాలా పెరుగుతుంది. వెల్డింగు నిప్పురవ్వలను ఆపే దుప్పట్లలో దీన్ని వాడతారు.

మూడోది, జిగురును వదిలించుకోవడం. ఈ-గ్లాస్ పోగుల పరుపును ముళ్లున్న సూదులతో పొడిచి, పోగులను ఒకదానితో ఒకటి మెలిపెడతారు. జిగురే లేదు కాబట్టి పొగ దాదాపు ఉండదు, సుమారు 650 డిగ్రీల దాకా వాడవచ్చు. గాజు నూలును నేసేటప్పుడు మాత్రం గంజి, నూనె కలిపిన పూత పెట్టక తప్పదు. పడుగుకు గంజి పట్టించడం నేత తెలిసిన వారికి కొత్త కాదు. అందుకే నేసిన గాజు బట్టను కొలిమిలో వేడిచేసి ఆ పూతను కాల్చేస్తారు. రెసిన్ బదులు సోడియం సిలికేటు వంటి అకర్బన జిగురు వాడి చూసినవారూ ఉన్నారు. అది మండదు, కానీ తేమను పీలుస్తుంది, దాని క్షారం గాజు పోగును తింటుంది, పరుపు పెళుసుగా తయారవుతుంది.

ఇక రాతి ఉన్ని. పెనుకొండ కొండను చూసి, ఇంత రాయి ఉండగా దానితోనే చేయకూడదా అని ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న. గ్రానైటులో సిలికా 70 శాతం ప్రాంతంలో ఉంటుంది. కరిగినా అది చిక్కటి పాకంలా ఉండి పోగు సాగదు. దీనికి బసాల్టు, డోలరైటు వంటి నల్లరాళ్లు కావాలి. అనంతపురం ప్రాంతపు గ్రానైటును చీల్చుకొని వచ్చిన డోలరైటు డైకులు మీ ఊరి దగ్గరా ఉండవచ్చు. వాటిలోని ఇనుము, మెగ్నీషియం వల్ల పోగు వేడెక్కుతుండగానే సన్నని స్ఫటికాలు ఏర్పడి, మెత్తబడకముందే దానికి ఎముకల గూడులా నిలుస్తాయి.

పై తొడుగు గురించి ఒక్క మాట. అల్యూమినియం రేకు మండదు కదా అని ధైర్యపడకండి. దాన్ని ఉన్నికి అంటించిన జిగురునూ, రేకు వెనుక ఉన్న కాగితాన్నీ అడగండి. కొనుగోలు పత్రంలో ఉన్నికి ఒక్కదానికే కాక, తొడుగుతో కలిపిన మొత్తం పొరకు పరీక్ష నివేదిక అడగాలి.

6. మీ ప్రగతిని పరీక్షించుకోండి

(అ) ఐరోపా ప్రమాణంలో ఏ1 తరగతికి పదార్థపు దహనోష్ణం కిలోకు 2 మెగాజౌళ్లు మించకూడదు. జిగురు 5 శాతం, 8 శాతం ఉన్న రెండు ఉన్నిలలో ఏది ఈ షరతుకు లోబడుతుంది?

(ఆ) ఐఎస్ఓ 834 ప్రకారం 7వ నిమిషంలో కొలిమి ఉష్ణోగ్రత ఎంత?

(ఇ) రైలు పెట్టె గోడకు జిగురు ఉన్న రాతి ఉన్ని, జిగురు లేని ఈ-గ్లాస్ పరుపు అనే రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. మీరు ఏది ఎంచుకుంటారు? ఎందుకు?

జవాబులు: (అ) 5 శాతం ఉన్నది 1.4 మెగాజౌళ్లు, లోబడుతుంది. 8 శాతం ఉన్నది 2.24, లోబడదు. (ఆ) సుమారు 626 డిగ్రీలు. (ఇ) దీనికి ఒకే జవాబు లేదు. రాతి ఉన్ని ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, ఈ-గ్లాస్ పరుపు తక్కువ పొగ ఇస్తుంది. పెట్టె బరువు, ఏళ్ల తరబడి కుదుపులకు పోగులు జారిపోవడం కూడా లెక్కలోకి తీసుకొని ఒక పేజీలో రాసి, మీ అధ్యయన కేంద్రంలో కౌన్సెలర్‌కు చూపండి.