ముందు కొలత... తర్వాతే కోర్సు!

బెలుం గుహల్లోకి ఎప్పుడైనా దిగారా? నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో, చదునైన పొలాల మధ్య బావిలాంటి నోరు. అందులోంచి కిందికి దిగితే 3,229 మీటర్ల పొడవున దారులు. 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. 1982-83లో డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి లోపలి దారులన్నీ పరిశీలించింది. జనం కోసం తలుపులు తెరిచింది మాత్రం 2002లో. ఈలోగా మట్టి తీశారు, దీపాలు పెట్టారు, లోపలికి గాలి ఆడే ఏర్పాటు చేశారు. ఏ దారి ఎక్కడికి పోతుందో, ఎక్కడ ఊపిరాడదో తెలిశాకే సందర్శకుణ్ని రానిచ్చారు.

విశ్వవిద్యాలయంలో కొత్త కోర్సు తెరవడమూ అలాంటిదే. అందులోనూ అది స్పెషల్ ఎడ్యుకేషన్‌లో పీజీ అయితే మరీనూ. ముందుగా కొలవాల్సింది గ్రంథాలయాన్ని!

అమ్మ అడిగే ప్రశ్న

గుహల చుట్టుపక్కల పల్లెల్లో ఏదో ఒక ఇల్లు అనుకోండి. ఏడేళ్ల పిల్లాడు. పిలిస్తే పలకడు. అమ్మ బడికి తీసుకొచ్చి అడుగుతుంది... ‘‘సార్, మావాడికి వినపడట్లేదా, లేక ఇంకేమైనానా?’’ అని. మండలంలోని భవిత కేంద్రానికి వెళ్లినా అదే ప్రశ్న. అక్కడి టీచరు ఇచ్చే జవాబు ఆమె చదివిన బీఈడీ మీద ఆధారపడి ఉంటుంది. ఆ బీఈడీ చెప్పిన అధ్యాపకుడు ఎంఈడీలో ఏం చదివాడన్నది అంతకు ముందు మాట. అంటే పీజీ గ్రంథాలయంలో ఒక పుస్తకం లేకపోతే, ఆ లోటు అధ్యాపకుడి నుంచి టీచరుకి, టీచరు నుంచి పిల్లాడికి దిగుతుంది.

ఇప్పుడీ చదువుకి గిరాకీ పెరిగింది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న ప్రతి పదిమంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆపై తరగతుల్లో ప్రతి 15 మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఆ లెక్కన పోస్టులు మంజూరు చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలను ఆదేశించింది. పోస్టులు వస్తే కోర్సులూ వస్తాయి. వాటికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదం తప్పనిసరి. తనిఖీకి వచ్చేముందు హడావుడిగా నాలుగు అట్టపెట్టెల పుస్తకాలు తెప్పించి, రిజిస్టర్లో ఎక్కించి, ‘ఇవిగో’ అని చూపించడం ఎంతసేపు పని? అసలు పని అది కాదు.

ఒక్క అరలో దొరకదు

మన గ్రంథాలయాల్లో ఎక్కువగా కనిపించే డ్యూయీ వర్గీకరణలో ప్రత్యేక విద్యకు కేటాయించిన అంకె 371.9. ఆ అరలో ఎన్ని పుస్తకాలున్నాయో లెక్కపెట్టి నివేదిక రాస్తే సగం తప్పు రాసినట్టే. ఎందుకంటే ఈ సబ్జెక్టు గ్రంథాలయమంతా పరుచుకుని ఉంటుంది. పిల్లల మనస్తత్వం 155.4లో ఉంటుంది. దివ్యాంగుల సంక్షేమం 362లో, సంజ్ఞల భాష 419లో, మాట, నరాలకు సంబంధించిన సమస్యలు 616.8లో. కోర్సుకి పనికొచ్చే మంచి పుస్తకం సైకాలజీ విభాగంలోనో, పక్కనున్న మెడికల్ కాలేజీలోనో దుమ్ము పట్టి ఉండొచ్చు. లెక్కించేవాళ్లు అన్ని అరల దగ్గరికీ నడవాల్సిందే.

లెక్క తేలాక అంచనా. ఇందుకు గ్రంథాలయ నిపుణులు సున్నా నుంచి అయిదు దాకా మెట్లు పెట్టుకున్నారు. ‘కాన్‌స్పెక్టస్’ అని దాని పేరు. సున్నా అంటే ఆ సబ్జెక్టు మనం కొనం అని. మూడు అంటే పాఠం చెప్పడానికి సరిపోతుంది. నాలుగు అంటే పరిశోధనకు సరిపోతుంది. అయిదు అంటే ఆ సబ్జెక్టులో దొరికేదంతా ఉన్నట్టు. ఎంఈడీకి కనీసం మూడు కావాలి. విద్యార్థి డిజర్టేషన్ రాయాలంటే ఎంచుకున్న అంశంలోనైనా నాలుగు దగ్గరికి చేరాలి. ఒక గ్రంథాలయంలో అంధుల విద్యకు మూడు, ఆటిజానికి ఒకటి ఉండొచ్చు. అందుకే మొత్తానికి ఒకే మార్కు వేయకూడదు, ఒక్కో వైకల్యానికీ విడిగా వేయాలి.

పుస్తకం పుట్టిన ఏడాది చూడాలి

1995 చట్టం గుర్తించిన వైకల్యాలు 7. ఆ జాబితాలో ఆటిజం లేదు, డిస్‌లెక్సియా లాంటి అభ్యసన లోపాలు లేవు. 2016 చట్టంలో 21 ఉన్నాయి. ‘మెంటల్ రిటార్డేషన్’ అన్న మాట పక్కకు పోయి ‘మేధోపరమైన వైకల్యం’ వచ్చింది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ కూడా ‘ఎన్‌ఐఎంహెచ్’ పేరు వదిలి ‘ఎన్‌ఐఈపీఐడీ’ అయింది.

అరలో ఉన్నవన్నీ పాత చట్టం నాటి పుస్తకాలే అయితే? రేపటి అధ్యాపకుడు నిన్నటి జాబితా చెబుతాడు. డిస్‌లెక్సియా ఉన్న పిల్లాణ్ని ‘మొద్దు’ అంటే ఊరుకుంటాడు. పాతవి పారేయమని కాదు. ఈ చదువు చరిత్ర వాటిలోనే ఉంది. పక్కన కొత్తవీ ఉండాలంతే.

తాళం వేసి ఉంచే సరుకు

ఈ కోర్సు గ్రంథాలయంలో పుస్తకాలొక్కటే సరిపోవు. పిల్లాడికి ఏం వచ్చు, ఏం రాదు అని అంచనా వేసే పరీక్ష సాధనాలు కావాలి. వీటిలో కొన్ని పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే. భారతీయ పిల్లల ప్రవర్తనను అంచనా వేసే ‘బేసిక్-ఎంఆర్’ 1992లో అక్కడే తయారైంది. పిల్లాడికి ఏం నేర్పాలో తేల్చే ‘ఎఫ్‌ఏసీపీ’, ఆటిజం తీవ్రతను కొలిచే ‘ఇసా’ కూడా ఆ సంస్థవే. మద్రాసులో రూపొందిన ‘ఎండీపీఎస్’ మరొకటి. వీటిని నవలల్లా ఇంటికి పంపరు. బీరువాలో పెట్టి, శిక్షణ పొందినవారి పర్యవేక్షణలో వాడతారు. మరి ఆ బీరువా ఉందా? దాని తాళం ఎవరి దగ్గరుంది? అంచనాలో ఇదీ రాయాలి.

బెలుం నుంచి ఆ సంస్థకు మూడొందల కిలోమీటర్ల పైమాటే. రాయలసీమలో ఏ విశ్వవిద్యాలయం ఈ కోర్సు పెట్టినా, కనీసం ఆ గ్రంథాలయం జాబితాతో తన జాబితా పోల్చుకోవాలి. లేనివి కొనాలి. కొనలేనివి ‘డెల్‌నెట్’ లాంటి ఏర్పాటు ద్వారా వేరే గ్రంథాలయాల నుంచి అరువు తెప్పించుకోవాలి.

అన్నీ తెరమీదే ఉన్నాయిగా?

కొంతవరకు నిజమే. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకంతో 2025 నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు 30 ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు 13 వేలు అందుబాటులోకి వచ్చాయి. మన దేశపు పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు ‘శోధ్‌గంగ’ ఉంది. విద్యా పరిశోధనలకు అమెరికా ప్రభుత్వం నడిపే ‘ఎరిక్’ ఉంది, రూపాయి ఖర్చు లేదు.

అయితే రెండు చిక్కులు. ఒకటి, వెతకడం నేర్పేవాళ్లుండాలి. రెండు, అందులో ఎక్కువ భాగం ఇంగ్లిషు. అమెరికా బడిలో పదిమంది పిల్లల గదికి రాసిన పద్ధతి, మన పల్లె బడిలో అయిదు తరగతులకు ఇద్దరు టీచర్లున్న చోట ఎలా పనిచేస్తుంది? అమ్మకు అర్థమయ్యే తెలుగులో ఎలా చెప్పాలి? అందుకే తెలుగులో ఎన్ని ఉన్నాయన్నది అంచనాలో విడిగా ఒక గడి కావాలి.

మెట్ల దగ్గరే ఆగిపోతే...

ఇంకో మాట. ఈ కోర్సులో చేరేవాళ్లలో దివ్యాంగులూ ఉంటారు. ఉన్నత విద్యలో వారికి చట్టం ఇచ్చిన 5 శాతం రిజర్వేషన్ ఉంది. చక్రాల కుర్చీ గ్రంథాలయం గుమ్మం దాటగలదా? చూపులేని విద్యార్థికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉందా? ‘ఎన్‌వీడీఏ’ అయితే ఉచితం. 2016లో మొదలైన ‘సుగమ్య పుస్తకాలయ’లో వారు చదువుకోగల రూపంలో పుస్తకాలున్నాయి. ముద్రిత పుస్తకాన్ని వారికోసం అలా మార్చుకోవచ్చని 2012లోనే మన కాపీరైట్ చట్టాన్ని సవరించారు. మరాకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. ప్రత్యేక విద్య నేర్పే చోట ఆ విద్యార్థే బయట నిలబడితే ఎంత సిగ్గు!

పది ప్రశ్నల పరీక్ష

నివేదిక పూర్తయ్యాక చివరగా ఒక చిన్న పరీక్ష పెట్టొచ్చు. సిలబస్‌లోంచి పది ప్రశ్నలు తీసి, ఇద్దరు విద్యార్థుల చేతికివ్వాలి. ‘వినికిడి లోపాన్ని మొదట ఎలా గుర్తిస్తారు?’, ‘ఏడేళ్ల పిల్లాడికి వ్యక్తిగత విద్యా ప్రణాళిక ఎలా రాస్తారు?’ లాంటివి. ఒక పూట సమయం. ఎన్నింటికి జవాబు దొరికింది, ఎక్కడ ఆగిపోయారు అని రాసుకుంటే చాలు. వేల పుస్తకాల లెక్క చెప్పని నిజం ఆ కాగితం చెబుతుంది. ఏం కొనాలో, ఏటా ఎంత పక్కన పెట్టాలో కూడా అదే చెబుతుంది.

ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం దొరకాలన్నారు ఎస్.ఆర్.రంగనాథన్, 1931లో. ఇక్కడ పాఠకుడి వెనకాల ఇంకొకరు నిలబడి ఉన్నారు. పిలిస్తే పలకని ఆ పిల్లాడు. వాడికి పుస్తకంతో పనిలేదు... దాన్ని చదివిన టీచరుతోనే పని.

మీ పిల్లలు ఈ కోర్సులో చేరుతున్నారా? ఇవి అడగండి

* కోర్సుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆమోదం ఏ ఏడాది వరకు ఉంది?
* 2016 చట్టం తర్వాత వచ్చిన పుస్తకాలు ఎన్ని?
* పరీక్ష సాధనాలు ఏమేం ఉన్నాయి? విద్యార్థి చేతికి ఇస్తారా?
* ఆన్‌లైన్ పత్రికలు హాస్టల్ నుంచి తెరుచుకుంటాయా?
* గ్రంథాలయం సాయంత్రం ఎన్నింటి వరకు తెరిచి ఉంటుంది?