గుమ్మం ముందున్న కారు నెలకి ఎంత తింటుంది?

ఈ వేళ వంటింటి కబుర్లు కాస్త పక్కన పెట్టి కారు సంగతి మాట్లాడుకుందాం. అది మగవాళ్ల వ్యవహారం, మనకెందుకు అనకండి. ఆ వాయిదాలు కట్టేది ఇంటి ఖర్చుల డబ్బులోంచే గదా!

ఒకప్పుడు మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో కారంటే అంబాసిడరే. ఏ పెద్ద డాక్టరుగారికో, మిల్లు యజమానికో ఉండేది. 1983 డిసెంబరులో మారుతి 800 సుమారు 50 వేల రూపాయలకి వచ్చాక మధ్యతరగతి వాళ్లకీ ఆశ పుట్టింది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు మూడు లాంతర్ల దగ్గరైనా, ఏడు రోడ్ల కూడలిలోనైనా కారు నిలపడానికి చోటు వెతుక్కోవాలి.

కారు మాట ఎత్తితే అందరూ అడిగేది ఒక్కటే, "మైలేజీ ఎంత?" అని. నెలకి 500 కిలోమీటర్లు తిరిగారనుకోండి. ఊళ్లో లీటరుకి 16 వస్తే 31 లీటర్లు. లీటరు 110 వేసుకుంటే 3,400 రూపాయలు. అంతేనా అనిపిస్తుంది. కానీ అసలు తిండి అది కాదు.

7 లక్షల కారు తీసుకోండి. బీమా వాళ్లు విలువ కట్టడానికి వాడుకగా అనుసరించే లెక్క ఒకటుంది. ఏడాది నిండేసరికి నూటికి 15 తగ్గిస్తారు, మూడో ఏటికి 30, అయిదో ఏటికి 50. అంటే అయిదేళ్లలో మూడున్నర లక్షలు కరిగిపోయినట్టే, నెలకి 5,800. బ్యాంకులో 6 లక్షలు నూటికి 9 వడ్డీకి అయిదేళ్లకి తెస్తే వాయిదా 12,450 దాకా పడుతుంది. అందులో వడ్డీ వాటా సగటున 2,450. బీమాకీ, సర్వీసింగుకీ కలిపి ఏడాదికి ఓ 25 వేలు వేసుకుందాం, నెలకి 2 వేల పైమాట. మొత్తం 10 వేలు దాటింది. ఇదంతా కారు గుమ్మంలో నిలబడి ఉన్నందుకే! తిరిగితే పెట్రోలు వేరు. హైవే ఎక్కితే మడపాం లాంటి చోట టోలు వేరు. ఫాస్టాగ్ వచ్చాక చేత్తో డబ్బు ఇవ్వం గనక ఖర్చయినట్టే తెలియదు. ఆ 10 వేలకి నెలలో ఎన్నిసార్లు అద్దె కారులో విశాఖపట్నం వెళ్లి రావచ్చో మీ ఊరి టాక్సీ స్టాండులో ఒకసారి అడిగి చూడండి.

అలాగని కారు వద్దని కాదు. ఇంట్లో డయాలిసిస్‌కి వెళ్లాల్సిన మావగారుంటే, మోకాళ్ల నొప్పులతో ఆటో ఎక్కలేని అత్తగారుంటే, ఈ లెక్క పక్కన పెట్టాల్సిందే. ఎదురింటి వాళ్లు కొన్నారని కొంటేనే చిక్కు.

బీమా దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ బీమా. అది మన కారు ఎదుటివాళ్లకి చేసిన నష్టానికే. మనది తుపానుల సీమ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఎన్ని చెట్లు కూల్చాయో చూశాం. చెట్టు మన కారు మీద పడితే థర్డ్ పార్టీ బీమా పైసా ఇవ్వదు. సమగ్ర బీమా ఉండాలి. నీట మునిగిన కారుని తాళం తిప్పి స్టార్టు చేయకండి. నీళ్లు లోపలికి లాగితే ఇంజను విరిగిపోతుంది. ఇంజను రక్షణకి వేరే కట్టి ఉంటే తప్ప సామాన్యంగా ఆ నష్టం ఇవ్వరు. ఏ నష్టమూ అడగని ఏడాదికి ప్రీమియంలో నూటికి 20 తగ్గిస్తారు, అలా పెరుగుతూ అయిదేళ్లకి 50 దాకా. గడువు దాటి 90 రోజుల్లోగా కట్టకపోతే ఆ తగ్గింపంతా పోతుంది. ఆ తారీఖు పాలవాడి లెక్క రాసే క్యాలెండరు మీదే రాసుకోండి.

ఇంకొక మాట. చాలా ఇళ్లలో కారు నడిపేది ఇంటాయన ఒక్కరే. ఆయన ఆఫీసులో ఉంటే కారు షెడ్డులో, ఆవిడ ఆటోలో. మా వీధిలో ఒకావిడని పక్కింటామె అడిగింది: "ఏటప్పా, గుమ్మంలో కారెట్టుకుని ఆటో కోసం నిలబడ్డావు?" అని. నిలబెట్టినందుకు 10 వేలు కడుతూ పైన ఆటోకీ ఇవ్వడమేమిటి? ఆడవాళ్లకి స్టీరింగు చేతకాదనే మాట నేను ఒప్పుకోను. స్కూటీ మీద పిల్లల్నీ, కూరల సంచినీ పెట్టుకుని బజారులో ఆవుల మధ్యనుంచి దూరి వచ్చేవాళ్లకి కారు ఒక లెక్కా? ముందు లెర్నర్ లైసెన్సు తీసుకోండి. అది 6 నెలలు చెల్లుతుంది. 30 రోజులు దాటాక పరీక్షకి వెళ్లవచ్చు. నేర్పమని మాత్రం ఇంటాయన్ని అడక్కండి, డ్రైవింగు స్కూలుకే వెళ్లండి. అక్కడ నేర్పేవాళ్ల కాలి కింద కూడా ఒక బ్రేకుంటుంది, కేకలూ తక్కువ.