మరల చూచిన మాయాబజారు

పండితులకును చలనచిత్రములకును చుట్టరికము తక్కువ యని లోకమున నొక వాడుక గలదు. 36 ఏండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్న నావంటివాడు రేడియోలో నొక సినిమానుగూర్చి మాటాడుటకు వచ్చెనన్న, వినువారిలో కొందరు నవ్వుకొనవచ్చును. నేనును చాలకాలము అట్లే నవ్వినవాడను గనుక వారిని తప్పుపట్టను. కాని మొన్న సంక్రాంతి సెలవులలో మా మనుమరాలి ప్రక్కన గూర్చుండి మాయాబజారు చిత్రమును చూచితిని. నా తొమ్మిదవ యేట చూచిన చిత్రమే. ఒక్క దృశ్యమైనను మారలేదు. ఐనను నాడు చూచినది యొక కథ, నేడు చూచినది యొక కథ. ఆ భేదమును విన్నవించుటయే నేటి నా ప్రసంగము.

1969వ సంవత్సరమున మా యూరి చెరువుగట్టు క్రింద టూరింగు టాకీసువారు డేరా వేసిరి. ప్రొద్దు గ్రుంకగానే మైకులో ఘంటసాలవారి భక్తిగీతము వినబడెడిది. ఆ పాట ముగియులోపల డేరా చేరవలయును. బొమ్మ చూపు యంత్ర మొక్కటియే యగుటచే రీలు ముగిసినపుడెల్ల ఆట నిలిచి దీపములు వెలుగుచుండెను. ఆ వేసవికి పుట్టింటికి వచ్చిన మా మేనత్తగారు నన్ను వెంటబెట్టుకొని పోయిరి. నేలటిక్కెట్లు కొని, ఇసుకను పోగుజేసి పీటవలె నమర్చుకొని, వేరుసెనగకాయలు ఒలుచుకొనుచు చూచితిమి.

నాకు తెలిసిన కథయంతయు ఘటోత్కచుడే. ఎస్.వి. రంగారావుగారు గద భుజముపై నుంచుకొని నడచివచ్చుట, పెండ్లివంటకముల ముందు కూర్చుండుట, లడ్డూలు తమంత తామే లేచి ఆయన నోటిలోనికి పోవుట. ఆ లడ్డూలకొరకే కదా మేము పోయినది! మరునాడు బడిలో మేమందరమును ఘటోత్కచులమే. లక్ష్మణకుమారుడగుటకు మాత్ర మెవ్వడును ఒప్పుకొనలేదు.

చిత్రము నడుమ ఒకచోట అత్తయ్య పమిటచెంగుతో కన్నులొత్తుకొనుచుండగా చూచితిని. “ఏమైంది అత్తయ్యా?” యని యడిగితిని. “కంట్లో ఇసుక పడిందిరా నాన్నా” అనెను. గాలి యాడని డేరాలో ఇసుక యెట్లు పడెనో నేనాలోచింపలేదు. ముందే చూచివచ్చిన బాలురు చెప్పిన లడ్డూలు ఇంకను రాలేదు. నా చూపంతయు తెరమీదనే యుండెను.

ఆ చిత్రము పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పవలెను. నాగిరెడ్డి, చక్రపాణిగార్ల విజయా సంస్థ దానిని నిర్మించినది. 1957 మార్చి 27వ తేదీన విడుదలయైనది. దర్శకులు కె.వి. రెడ్డిగారు, రచయిత పింగళి నాగేంద్రరావుగారు, ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లేగారు. కథ యేమన, బలరాముని కూతురు శశిరేఖను సుభద్ర కొడుకు అభిమన్యున కిచ్చుటకు పెద్దలు మాటాడుకొందురు. పాండవులు జూదమున సర్వస్వము గోల్పోగా బలరాముడు మనసు మార్చుకొని, దుర్యోధనుని కొడుకు లక్ష్మణకుమారునకు పిల్లనిచ్చుటకు సమ్మతించును. అంతట శ్రీకృష్ణుని యూహతో ఘటోత్కచుడు శశిరేఖను నిద్రలో నుండగనే మంచముతో గూడ నెత్తుకొనిపోయి, తాను శశిరేఖ రూపము దాల్చి కౌరవుల పెండ్లిని నవ్వులపాలు చేయును. అచ్చట ఆశ్రమమున అసలైన వివాహము జరుగును.

ప్రాచ్యకళాశాలలో భాషాప్రవీణ చదువుచున్న దినములలో ఈ కథపై నాకు చులకనభావము కలిగినది. వ్యాసభారతమున శశిరేఖ లేదు. అభిమన్యుడు పెండ్లాడినది విరాటరాజు కూతురగు ఉత్తరను. తిక్కనగారు విరాటపర్వమున దానిని తెనిగించియున్నారు. ఇక నీ కథ యేమి కథ యని త్రోసిపుచ్చితిని. గ్రంథమున లేనిది జనుల నోళ్లలో నుండవచ్చునని నాకప్పుడు తోచలేదు. సురభి నాటకసమాజములవారు ఈ కథను ఊరూర నాడిరి. పి.వి. దాసుగారు 1936లోనే దీనిని చలనచిత్రముగా తీసిరి. 1957 నాటి ప్రేక్షకులు శశిరేఖను తమ యింటి పిల్లవలె ఎరిగియే వచ్చిరి. మేనమామ కూతురు, మేనత్త కొడుకు, నడుమ ఆస్తిపాస్తులు. ఇది ద్వారకలో జరిగినదా మన వీధిలో జరిగినదా యని యెవ్వరును అడుగవలసిన పనిలేదు.

మనుమరాలు రంగుల ప్రతిని ఎంచుకొన్నది. నలుపు తెలుపులలో తీసిన ఈ చిత్రమునకు రంగులు చేర్చి 2010 జనవరి 30న మరల విడుదల చేసిరి. లడ్డూలకు పసుపు వన్నె వచ్చినది. నా మనసులో మాత్రము అవి 1969 నుండియు పసుపుగనే యున్నవి. “ఇదంతా కంప్యూటరులో చేశారా తాతయ్యా?” యని పిల్ల యడిగినది. ఆనాడు సినిమావారికి కంప్యూటరు లేదు. పడవ విహారపు పాటలో మనము చూచి మురియు వెన్నెల బార్ట్లేగారు దీపములతోడను కెమెరాతోడను కల్పించిన వెన్నెల. వీనినన్నిటిని మించిన మాయ సావిత్రిగారి నటన. శశిరేఖ రూపములో నున్న ఘటోత్కచునిగా ఆమె నటించునపుడు చీరకట్టు ఆడుదానిది, చూపును నడకయు రాక్షసునివి. దానికి కెమెరా సాయ మక్కరలేదు.

నన్ను మొదట పట్టి నిలిపినది పాఠశాల దృశ్యము. చిన్నమయ్య శిష్యులకు చదువు చెప్పుచుండగా ఒక శిష్యుడు ‘అస్మదీయులు’ అనలేక ‘అసమదీయులు’ అనును. దానికి జోడుగా ‘తసమదీయులు’ అని మరియొక మాట కల్పించును. గురువు తప్పనును. ఘటోత్కచుడు, ఎవరో యొకరు పుట్టింపనిదే మాటలు పుట్టునా యని, శిష్యునకు వీరతాడు వేయించును. బాల్యమున దీనికి నవ్వితిని గాని ఎందులకు నవ్వితినో నాకు తెలియదు.

ఇప్పుడు వ్యాకరణమెరిగి నవ్వితిని. అస్మద్ శబ్దముపై ‘ఈయ’ చేరగా ‘అస్మదీయ’ యైనది. తద్ శబ్దముపై అదే ప్రత్యయము చేరిన ‘తదీయ’ కావలెను గాని ‘తస్మదీయ’ కారాదు. శిష్యుడు మాటను తప్పుచోట విరిచి, అస్మదీయులకు ఎదురువారు తస్మదీయులని పోల్చుకొనినాడు. లోకమున ఎన్నియో మాటలు ఇట్టి పోలికవలననే పుట్టినవి. ఇక సంయుక్తాక్షరమును విడదీసి పలుకుటయా? ‘రత్నము’ను ‘రతనము’ చేసినదియు, ‘యత్నము’ను ‘జతనము’ చేసినదియు అట్టి నాలుకయే. వానిని తద్భవములని గౌరవించి వ్యాకరణమున వ్రాసికొంటిమి. ‘కంబళి’ ప్రక్కన ‘గింబళి’, ‘తల్పము’ ప్రక్కన ‘గిల్పము’ పుట్టించిన యుక్తియు మనము దినమును ‘పుస్తకము గిస్తకము’ అనునదే. నేను 36 ఏండ్లు ఎర్రసిరాతో కొట్టివేసిన మాటలలో ఎన్నింటికి వీరతాడు వేయవలసియుండెనో యని ఆ రాత్రి తలచుకొంటిని.

ఇక ప్రియదర్శిని సంగతి. అది శశిరేఖకు కానుకగా వచ్చిన పెట్టె. తెరచి చూచినవారికి వారి వారికి మిక్కిలి ప్రియమైనది అందులో కనుపడును. శశిరేఖకు అభిమన్యుడు కనుపడును. తల్లి రేవతికి నగలు కనుపడును. బలరామునకు శిష్యుడైన దుర్యోధనుడు కనుపడును. శ్రీకృష్ణునకు కనుపడినవాడు శకుని! చిన్ననాడు అది తమాషా పెట్టె. ఇప్పుడు చూడగా తక్కిన కథయంతయు ఆ పెట్టెలోనే యున్నది. తండ్రి చూపు శిష్యునిపై, తల్లి చూపు నగలపై నున్నపుడు ఆ పిల్ల పెండ్లి యెటు నడచునో చెప్పుటకు జోస్యు డక్కరలేదు. దానితో బాటు వచ్చిన కానుక సత్యపీఠము. దానిపై నిలిచినవాడు నిజమే పలుకును. చివరకు శకుని దానిపై నిలిచి, ఈ సంబంధము యాదవుల బలమును తమవైపు త్రిప్పుకొనుటకే యని బయటపెట్టును. అంతవరకు బలరాముడు దానిని ప్రేమయనియే నమ్మియుండెను.

మరియొక సంగతి. ఇది పాండవుల కష్టముతో నడచు కథయే యైనను పాండవు లైదుగురిలో నొక్కరును తెరపై కనుపడరు. చెడినవారు రారు. వచ్చునది సుభద్ర, కొడుకును వెంటబెట్టుకొని పుట్టింటికి. ఇంతకుముందు ఎదురేగి తోడ్కొనిపోయిన యింటిలోనే ఇప్పుడు ఆమె పలుకరింపుకొరకు నిలిచియుండవలెను. ఇచ్చిన మాట యేమైనదని అన్నను అడుగును. ఋష్యేంద్రమణిగారు ఆ ఘట్టమును నటించుచుండగా నాకు చెరువుగట్టు క్రింది డేరా జ్ఞప్తికి వచ్చినది. అత్తయ్య కంట ఇసుక పడినది ఆ రీలులోనే.

మా అక్కయ్య పుట్టిననాడు నాన్నగారు చెల్లెలితో “ఇది నీ కోడలే” యని మాట యిచ్చిరట. మామయ్యగారు పొగాకు వ్యాపారమున నష్టపోయి పొలమమ్ముకొనిరి. 1967లో అక్కయ్యను ఉద్యోగస్థున కిచ్చి పెండ్లిచేసిరి. ఆ పెండ్లికి మామయ్యగారు రాలేదు. అత్తయ్య ఒక్కతెయే వచ్చి, వడ్డనలు చేసి వెళ్లినది. నాటినుండి అక్కయ్యను “కోడలా” యని పిలుచుట మాని పేరుపెట్టి పిలిచెడిది. అత్తయ్య పోయిన తరువాత అమ్మ నాకీ సంగతి చెప్పినది. అనగా నాకు తెలియనిది కాదు. తెలిసియు, దానిని డేరాలోని కన్నీటితో కలిపి చూడలేదు. మా నాన్నగారు చెడ్డవారు కారు. గుమ్మడిగారి బలరాముడును చెడ్డవాడు కాడు. కూతురు సుఖముగ నుండవలెనని కోరిన తండ్రి. ఇద్దరును చెల్లెలి ముఖమువైపు మాత్రము చూడలేకపోయిరి.

బాల్యమున ఈ చిత్రము మాయలకొరకు తీసినదనుకొంటిని. ఇప్పుడు తోచునది వేరు. పెద్దలు ఇచ్చిన మాట నిలుపుకొనియున్నచో ఇందులో ఏ మాయయు అక్కరలేదు. ఘటోత్కచుడు రానక్కరలేదు, మాయానగరము కట్టనక్కరలేదు. తెరమీది వింతలన్నియు ఒక్క తప్పిన మాటను సరిదిద్దుటకు పడిన శ్రమ. పింగళివారును కె.వి. రెడ్డిగారును ఆ బాధను నవ్వులో నుంచి పిల్లలకు లడ్డూలుగా పంచిరి. పెద్దలకు వలసినది పెద్దలు తీసికొందురని వారికి తెలియును. అందుచేతనే ఒకే డేరాలో, ఒకే ఇసుకమీద, నేనును అత్తయ్యయు రెండు చిత్రములు చూచితిమి.

సుభద్ర ఘట్టము నడచుచుండగా మనుమరాలు “ఆవిడ ఎందుకు ఏడుస్తోంది తాతయ్యా?” యని యడిగినది. దానికిని తొమ్మిదేండ్లే. బొమ్మను నిలుపుమని, “వాళ్లన్నయ్య ఇచ్చిన మాట తప్పాడమ్మా” యని చెప్పితిని. పిమ్మట అత్తయ్య సంగతియు, అక్కయ్య పెండ్లియు, డేరాలోని ఇసుకయు అంతయు చెప్పితిని. అది శ్రద్ధగా విని, “మరి మీ ఇంటికి కృష్ణుడు రాలేదా?” యనెను.

“రాలేదమ్మా” యంటిని.

కొంతసేపు ఊరకుండి, చిత్రమును మరల నడపినది. లడ్డూలు ఇంకను రావలసియున్నవి.