ఒక చెవి మాత్రమే మందగించినచో

వార్ధక్యము వలన గాని, యంత్రముల రొద నడుమ ఏండ్ల తరబడి పనిచేయుట వలన గాని వచ్చు చెముడు సాధారణముగా రెండు చెవులను ఇంచుమించు సమముగనే పట్టును. కావున గులిమి గాని చీము గాని లేని చెవి ఒక్కటియే క్రమక్రమముగా మందగించుచున్నప్పుడు, దానిని వయోధర్మమని సరిపెట్టుకొనుట ఎంతమాత్రమును తగదు.

ఎల్లప్పుడును కుడిచెవికి ఫోను ఆనించుకొను మనిషి, తనకు తెలియకయే దానిని ఎడమచెవికి మార్చుకొనును. అడిగినచో, "గొంతు వినబడుచున్నది గాని మాట తెలియుట లేదు" అనును. ఆ చెవిలో ఎడతెగని హోరు ఉన్నదనియు, చీకటిలో నడచునప్పుడు ఒడలు తూలుచున్నదనియు కొందరు చెప్పుదురు. ధ్వని చేరియు పదము విడివడి తెలియకుండుట శ్రవణనాడికే బాధ కలిగినదనుటకు ఒక సూచన.

శరీరపు నిలుకడను మెదడునకు నివేదించు నాడి, శ్రవణనాడితో జతగూడి, కపాలాస్థిలోని సన్నని సొరంగము గుండా పోవును. ఆ నాడిని పొదివియుండు ష్వాన్ కణముల నుండి పుట్టు కణితినే వైద్యులు అకౌస్టిక్ న్యూరోమా అందురు. ఇది కేన్సరు కాదు, సాధారణముగా మెల్లగా పెరుగును, కొన్నియెడల ఏండ్ల తరబడి పెరుగకయే యుండును. అయినను ఇరుకైన ఆ సొరంగమున శ్రవణనాడిని నొక్కును, మిక్కిలి పెరిగినచో చిన్నమెదడును, మెదడుకాండమును ఒత్తి ప్రాణము మీదికి తెచ్చును. 1917లో ఈ కణితులపై గ్రంథము వెలువరించిన అమెరికా శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్, చెవి లక్షణములే మొదట పొడసూపునని గుర్తించెను. కాని నాటి రోగులలో పెక్కుమంది తలనొప్పి ముదిరి, చూపు మందగించిన పిమ్మటనే వైద్యుని చేరిరి.

నేడట్టి ఆలస్యమునకు కారణము లేదు. ఆడియోగ్రామ్‌లో రెండు చెవుల వినికిడి గీతలను పోల్చి, పక్కపక్కనున్న రెండు పౌనఃపున్యములలో 20 డెసిబెల్స్ భేదము కనబడినచో ఎమ్మారై తీయించుట పలువురు పాటించు పద్ధతి. పలుచని పొరలుగా తీసిన చిత్రములు పెక్కుసార్లు రంగుమందు లేకయే చాలును. అట్లు పరీక్షింపబడినవారిలో కణితి బయటపడునది నూటికి ఏ కొద్దిమందికో మాత్రమే. అందుచే ఇది వృథావ్యయమనువారు కలరు, నేనొప్పుకొనను. కణితి చిన్నదై యున్నప్పుడు ఏటేట చిత్రము తీయించుచు వేచియుండుటయో, గామా నైఫ్ కిరణచికిత్సయో, శస్త్రచికిత్సయో ఎంచుకొను వ్యవధి రోగికి దక్కును. పెద్దదైనప్పుడు శస్త్రచికిత్సలో ముఖనాడిని కాపాడుటయే దుష్కరము.

కనుక ఒక చెవికి మాత్రమే వినికిడి తగ్గినవారు, వినికిడి యంత్రము కొనుటకు ముందే చెవి వైద్యుని దర్శించి, రెండు చెవులను పోల్చి చూడుమని కోరవలెను.