అమెరికాలో రెండేండ్ల వైద్యసహాయక విద్య: ఆయవ్యయ విచారము

మన యూళ్లనుండి వివాహమాడి అమెరికా సంయుక్తరాష్ట్రములకు తరలిపోవు పడుచులు పెక్కండ్రు గలరు. వారిలో బి.యస్సీ. పట్టము పొందినవారును తక్కువ కాదు. కాపురము కుదుటబడిన పిమ్మట, “ఆసుపత్రి కొలువునకు పనికివచ్చు చదువొకటి రెండేండ్లలో ముగియునట, చేరుదునా?” యని తల్లులను అడుగుచుందురు. అట్టి కూతుండ్రకును, బదులు చెప్పవలసిన తల్లులకును ఉపకరించునని యీ లెక్క వ్రాయుచున్నాను. అరణ్యపర్వమున ద్రౌపది సత్యభామతో, పాండవుల ఆయవ్యయములు తానొక్కతెయే యెరుగుదునని చెప్పెను గదా! లెక్కలు మగవారి పని యని తప్పించుకొనుటకు మనకు శాస్త్రాధారము లేదు.

మన యింటర్మీడియటునకు సాటియైన చదువు ముగిసినపిదప రెండేండ్లు చదివి పొందు పట్టమునకు అచ్చట అసోసియేట్ డిగ్రీ యని పేరు. కమ్యూనిటీ కాలేజీలను ప్రభుత్వ కళాశాలలు దీనిని విరివిగా నేర్పుచున్నవి. ఎక్స్‌రే చిత్రములు తీయువారు, ఊపిరి సరిగా ఆడని రోగికి యంత్రములతో శ్వాస సాగించు రెస్పిరేటరీ థెరపిస్టులు, పండ్లు శుభ్రపరచు డెంటల్ హైజీనిస్టులు, వైద్యుని గదిలో రోగుల బరువు, రక్తపుపోటు చూచి వివరములు వ్రాసికొను మెడికల్ అసిస్టెంట్లు – వీరందరికిని ఈ పట్టమునందు శాఖలు గలవు.

పట్టము పేరొక్కటే, ఫలము మాత్రము ఒక్కటి కాదు. ఆ దేశపు కార్మికగణాంకశాఖ 2023 మే నెలకు ప్రకటించిన వార్షిక జీతములు చూడుడు. డెంటల్ హైజీనిస్టునకు 87,530 డాలర్లు, రెస్పిరేటరీ థెరపిస్టునకు 77,960, ఎక్స్‌రే తీయువారికి 73,410, మెడికల్ అసిస్టెంటునకు 42,000. ఇవి నడిమి జీతములు. అనగా సగముమందికి అంతకు హెచ్చు, సగముమందికి అంతకు తక్కువ. క్రొత్తగా చేరినవారు తక్కువవైపుననే యుందురని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంత భేదమునకు నాకు తోచిన ముఖ్యకారణ మిది. కొన్ని పనులకు చదువు లేనివారిని చట్టము గడప త్రొక్కనీయదు. శ్వాసచికిత్స చేయుటకు అలాస్కా దక్క తక్కిన రాష్ట్రములన్నింటను అనుమతిపత్రము కావలయును. ఎక్స్‌రే పనివారికి యోగ్యతాపత్రమొసగు ఏ.ఆర్.ఆర్.టి. యను సంస్థ 2015 నుండి అసోసియేట్ పట్టమైనను లేనిదే పరీక్షకు కూర్చుండనీయుట లేదు. మెడికల్ అసిస్టెంటు పనికో, పెక్కు రాష్ట్రములందు అట్టి కట్టడి లేదు. కొన్ని నెలల శిక్షణతో ఆ కొలువున ప్రవేశించినవారి ప్రక్కనే రెండేండ్లు చదివిన పిల్లయు కూర్చుండవలసివచ్చును.

ఇక వ్యయము. ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజిలో స్థానికులకు 2024-25వ సంవత్సరమున సగటు రుసుము ఏటికి 4,050 డాలర్లు. అయితే రెండేండ్లన్న మాటను నమ్మరాదు. శరీరనిర్మాణశాస్త్రము, సూక్ష్మజీవిశాస్త్రము మొదలగునవి పలుచోట్ల ముందుగా చదివిననే గాని అసలు తరగతిలో చేర్చుకొనరు, స్థలములును కొలదియే. కనుక మూడేండ్లని లెక్కింతము. ఏటికి 30,000 డాలర్లు తెచ్చు కొలువు విడిచి చదివెనేని, రుసుము 12,150, పోయిన జీతము 90,000. రుసుముకంటె పోయిన జీతమే యెన్నిరెట్లు హెచ్చో కంటిరా? ఎక్స్‌రే పనిలో నడిమి జీతము దొరికినచో, పన్నులు లెక్కింపకున్న, ఈ మొత్తము రెండున్నర యేండ్లలోపల తిరిగివచ్చును. మెడికల్ అసిస్టెంటు చదువు రెండేండ్లకే ముగిసినను, దానికైన 68,100 డాలర్లు తిరిగి చేరుటకు దాదాపు ఆరేండ్లు పట్టును. డాలర్లను రూపాయలుగా మార్చి మురియువారు కొందరు గలరు. ఇంటి యద్దెయు పాలును డాలర్లతోనే కొనవలెనని వారు మరతురు.

లాభమునకై నడుపబడు ప్రైవేటు కళాశాలల విషయమున మిక్కిలి జాగరూకత వలయును. మెడికల్ అసిస్టెంటు మొదలగు విద్యలు నేర్పిన కొరింథియన్ కాలేజీలను సంస్థ 2015లో మూతపడెను. అందు చదివిన 5,60,000 మంది ఋణము, 580 కోట్ల డాలర్లు, ప్రభుత్వము 2022లో మాపవలసివచ్చెను. చేరుటకు ముందే ఆ శాఖకు ప్రత్యేకమైన గుర్తింపు గలదో లేదో విచారింపవలెను. శ్వాసచికిత్సకు అది కోఆర్క్ అను సంఘమిచ్చునది. అది లేని చదువు యోగ్యతాపరీక్షకు చేర్చదు.

మన యాడుపడుచులకు వేరొక చిక్కు గలదు. భర్త హెచ్-1బి వీసాపై ఉద్యోగము చేయుచుండ, హెచ్-4 వీసాపై నున్న భార్య చదువవచ్చును గాని జీతమునకు పనిచేయరాదు. భర్త శాశ్వతనివాసమునకై యజమాని పెట్టిన యర్జీ యామోదింపబడినచో, భార్య పనికి ప్రత్యేకానుమతి కోరుటకు 2015లో నిబంధన యేర్పడినది. అట్టి యనుమతి లేని పిల్ల చదువుటవలన పోవు జీతమేమియు లేదు. చదివినను వచ్చు జీతమును లేదు. విద్యార్థులకు కేంద్రప్రభుత్వమిచ్చు ధనసహాయమును వీరికి వర్తింపదు. స్థానికుల రుసుమే తీసికొందురో లేదో రాష్ట్రమును బట్టి మారును. కావున కాలేజి యర్జీకి ముందు భర్తగారి యర్జీ యెంతవరకు వచ్చినదో యడుగుట మేలు.

ఆసుపత్రిలో శిక్షణ పొందు గంటలకు సాధారణముగా జీతముండదు. తెల్లవారకమునుపే పోవలసిన దినములుండును. పసిబిడ్డ యున్నచో శిశుసంరక్షణకగు వ్యయము రుసుమును మించిపోగలదు. తోడుండుటకు ఇచ్చటినుండి తల్లియో అత్తయో పోవుట కలదు. కాని సందర్శకులకు ఒక్కమారు సాధారణముగా నిచ్చు గడువు ఆరు నెలలు, శిక్షణయో రెండేండ్లు. తక్కిన పదునెనిమిది నెలలు బిడ్డనెవరు చూతురో అల్లునితో ముందుగా మాటలాడుకొనవలెను.