డ్రెస్డెన్ పళ్ళెము: ఇరువది రేకుల లెక్క

పాతబట్టల ముక్కలతో అమెరికా గృహిణులు కుట్టు బొంతలలో డ్రెస్డెన్ పళ్ళెమను అమరిక మిక్కిలి పేరుగాంచినది. చదరపు లేతరంగు బట్టపై రంగురంగుల ముక్కలు రేకులవలె చుట్టును అమరి యుండును. నడుమ నొక గుండ్రని బొడ్డు. చూచుటకు పెద్ద చేమంతిపూవు. పేరు మాత్రము జర్మనీ దేశపుది. డ్రెస్డెన్ నగరమునకు సమీపమున మైసెన్‌లో 1710లో పింగాణీ కర్మాగారము నెలకొనెను. పూలు చిత్రించిన ఆ పళ్ళెములు డ్రెస్డెన్ సామానుగా లోకమున ప్రసిద్ధి కెక్కినవి. ఆ పేరే ఈ బొంతకును వచ్చినది.

1920, 1930 దశాబ్దులలో ఈ అమరిక అమెరికాలో విశేషముగా వ్యాపించెను. ఆర్థికమాంద్యపు దినములలో పిండియు దాణాయు నింపి వచ్చు పూలచ్చు నూలుసంచులను విప్పి, ఉతికి, రేకులుగా కత్తిరించిన వారెందరో కలరు. ఒక్కొక్క రేకును ఒక్కొక్క స్నేహితురాలి బట్టనుండి తీసుకొను ఆచారమును బట్టి దీనికి స్నేహవలయమను మరియొక పేరును కలదు. కనుక ఇందు వాడబడు గుడ్డ బజారున కొనగల గుడ్డ కాకపోవచ్చును. తల్లి కట్టి విడిచిన చీర, బిడ్డ తొలిచొక్కా, ఇట్టివి ఒకసారి తప్పుగా కత్తిరించినచో మరల దొరకవు. మన బొంతలో పాతచీరలను పొరలుగా పరచి పైనుండి కుట్టుకొని పోదుము. కుట్టు కొంచెము వంకర పోయినను అది బొంతలో కలిసిపోవును. డ్రెస్డెన్ పళ్ళెము అట్లు క్షమించునది కాదు. దాని గుణమంతయు కోణములలో నున్నది.

వృత్తమునకు 360 డిగ్రీలు. 20 రేకులైనచో రేకునకు 18 డిగ్రీలు. 16 అయినచో ఇరువదిరెండున్నర. 12 అయినచో 30. రేకుల కోణముల మొత్తము 360కి తగ్గినచో పళ్ళెము నడుమ గొడుగువలె పైకి లేచును. మించినచో అంచులు ఎండిన విస్తరివలె అలలు తిరుగును. ఇస్త్రీపెట్టె ఎంత వేడిగా నదిమినను ఈ దోషము పోదు.

ఇక్కడ చాలమంది పొరబడు విషయ మొకటి కలదు. కుట్టునకు పావు అంగుళము అంచు విడువవలెనని నియమము. ఆ పావు అంగుళము రవ్వంత హెచ్చినను తగ్గినను పళ్ళెము పాడగునని భయపడుదురు. నిజమునకు కుట్టు మొదటినుండి చివరివరకు ఒకే వెడల్పున, అన్ని రేకులకును సమముగా పోయినచో కోణము మారదు. నడిమి రంధ్రము మాత్రమే పెద్దదో చిన్నదో యగును. ప్రతి కుట్టును అంగుళములో ముప్పదిరెండవ వంతు సన్నగా కుట్టితి మనుకొందము. రంధ్రపు చుట్టుకొలత అంగుళమున్నర పావు తక్కువగా, అనగా ఒకటింపావు అంగుళము, పెరుగును. వ్యాసము సుమారు అంగుళములో పదింట నాలుగు వంతులు హెచ్చును. బొడ్డును ఆ మేరకు పెద్దదిగా కత్తిరించిన చాలును.

అసలు శత్రువు వాలిన కుట్టు. నాలుగంగుళముల పొడవున కుట్టు ఒక కొనయందు పావు అంగుళమై, రెండవ కొనకు చేరునప్పటికి అదే ముప్పదిరెండవ వంతు తొలగినదనుకొనుడు. ఆ తొలగుదల కుట్టునకు ఇరువైపుల రేకులనుండియు పోవును గనుక ఒక్కొక్క కుట్టువద్ద సుమారు 0.9 డిగ్రీ తేడా వచ్చును. 20 కుట్లకు 18 డిగ్రీలు. అనగా సరిగా ఒక రేకు! దారపు మందము వంటి తప్పు నిండు రేకుగా పెరిగినది. కావున పావు అంగుళము కంటె సరళరేఖయే ముఖ్యమని నా అభిప్రాయము.

కుట్టుమిషనుపై సూదికి పావు అంగుళము దూరమున కాగితపు పట్టీ నొకటి అంటించి, దానివెంట బట్ట నడిపించుట మేలు. పరీక్షకు ఒకటిన్నర అంగుళము వెడల్పుగల మూడు పేలికలను ప్రక్కప్రక్కన కుట్టి చూడుడు. నడిమి పేలిక సరిగా ఒక అంగుళము మిగులవలెను.

కత్తిరించుటకు అట్టముక్క అచ్చు వాడువారు అచ్చులు రెండు మూడు చేసికొనవలెను. పెన్సిలు పదేపదే తగిలి అట్ట అంచు అరుగును. తొలిరేకునకును చివరిరేకునకును పోలిక చెడును. 1979లో జపానుదేశపు ఓల్ఫా కంపెనీవారు తెచ్చిన చక్రపుకత్తియు, 18 డిగ్రీల పారదర్శకపు కొలబద్దయు ఉన్నవారికి ఈ చిక్కు లేదు. ఏ సాధనము వాడినను రేకు నడిమిగీత పడుగువెంట నుండునట్లు చూచుకొనవలెను. అప్పుడు రెండంచులును పడుగునకు తొమ్మిదేసి డిగ్రీలు మాత్రమే వాలును. అచ్చును ఒక అంచు పడుగువెంట పెట్టినచో రెండవ అంచు 18 డిగ్రీలు వాలి, లాగిన కొలది సాగును. ఇస్త్రీపెట్టెను బట్టమీద జరుపక, ఎత్తి మోపుచు నొత్తుడని చెప్పుట ఇందుకే. విలువైన గుడ్డకు కత్తెర పెట్టుటకు ముందు పనికిరాని గుడ్డతో పూర్తి పళ్ళెము నొకదానిని కుట్టి చూడుడు.

కోసుకొనగల రేకులకు వెడల్పు కొనను లోవైపు పైకి వచ్చునట్లు నిలువునా రెండుగా మడచి, పైయంచున పావు అంగుళమున కుట్టి, మడతవద్ద మూల కొంచెము కత్తిరించి తిరుగవేయుదురు. ఆ కుట్టు రేకు నడిమిమడతపై నిలిచినచో కోసు తిన్నగా వచ్చును.

రేకులను కలుపునపుడు వెలుపలి కొననుండి లోపలికి కుట్టవలెను. వెలుపలి కొనలు అందరి కంటను పడును. లోపలి యెగుడుదిగుడులను బొడ్డు కప్పివేయును. ఇరువదింటిని వరుసగా కుట్టుకొనిపోయి చివర ఆశ్చర్యపోవుట కంటె, అయిదేసి రేకులను కలిపి నాలుగు పాదములు చేయుట క్షేమము. అయిదు రేకులు 90 డిగ్రీలు గదా! వడ్రంగి మూలమట్టమో, పుస్తకపు మూలయో దానిపై పెట్టి చూడవచ్చును. రెండు పాదములు కలిపిన కొలబద్దవలె తిన్నని అంచు రావలెను. తేడా కనిపించినచో ఒక్క కుట్టునే విప్పి అంతయు అందే సర్దక, మూడు నాలుగు కుట్లకు పంచవలెను. పాదములో దొరికిన తప్పును విప్పుటకు పావుగంట చాలును. నిండు పళ్ళెములో దొరికినచో ఒక పూట.

అడుగుబట్టను నాలుగు మడతలుగా మడచి గీతలు పడనొత్తుడు. 20, 16, 12 రేకులలో ఏదైనను ఆ నాలుగు గీతలును రేకుల నడిమి కుట్లమీదనే పడును. మూలమడతలు మాత్రము 16 రేకులకు కుట్టుమీదను, 20కిని 12కును రేకు నడుమను పడును. ఆ ప్రకారము గుండుసూదులు గ్రుచ్చి, కోసుల చుట్టును హెమ్మింగు చేయవలెను. బొడ్డునకు రంధ్రము కంటె అన్నివైపులను పావు అంగుళము హెచ్చుగా గుండ్రని అట్ట కత్తిరించి, అంతకంటె పెద్ద బట్టపై నుంచి, బట్ట అంచున దూరదూరముగా దారము పోనిచ్చి ముడిచి లాగి, ఇస్త్రీ చేసి అట్టను తీసివేసినచో మడత చక్కగా నిలుచును. బొడ్డు కుట్టిన తరువాత వెనుకవైపున అడుగుబట్టను, కుట్టునుండి పావు అంగుళము విడిచి, లోపలిమేర కత్తిరించివేయుదురు. దానితో దళసరి తగ్గి, దూది పరచి బొంత కుట్టునపుడు సూది సులువుగా దిగును.