రాకడకు తేదీలు వేసేవాళ్లు: అపోహలు – వాస్తవాలు

2025 సెప్టెంబరు 23, 24 తేదీల్లో సంఘం ఎత్తబడిపోతుందన్నారు. అన్నది దక్షిణాఫ్రికాకు చెందిన జాషువా మ్లకేలా. 2018లో ప్రభువు కలలో కనబడి తనకు ఈ తేదీలు చెప్పాడని ఆయన ఒక యూట్యూబ్ ఇంటర్వ్యూలో చెప్పుకొచ్చాడు. అవి యూదుల శృంగధ్వని పండుగ రోజులు కూడా కావడంతో లెక్క కుదిరిందని చాలామంది సంబరపడ్డారు. ఉద్యోగం మానేశామని, కారు అమ్మేశామని టిక్‌టాక్‌లో వీడియోలు పెట్టినవాళ్లున్నారు. మన దేశంలో టిక్‌టాక్ లేదు, కానీ వాట్సాప్ ఉంది కదా! విశాఖ చుట్టాలు ఒకటి, శ్రీకాకుళం చుట్టాలు ఒకటి ప్రసంగం ముక్కలు పంపుతుంటే మన ఖరగ్‌పూర్‌లో తాల్‌బగీచా అయినా, మథురాకాటీ అయినా ఇలాంటి కబురు చేరని తెలుగు క్రైస్తవుల ఇల్లు ఉంటుందా?

ఆ రెండు రోజుల్లో నిజంగా ఏం జరిగిందో గుర్తుచేసుకుందాం. 22 రాత్రి మొదలైన వాన 23 తెల్లవారేసరికి కోల్‌కతాను ముంచేసింది. ఇరవై నాలుగు గంటల్లో దాదాపు 250 మిల్లీమీటర్లు కురిసింది. నీళ్లలో కరెంటు పారి మనుషులు చనిపోయారు. అది అంత్యకాల సూచన కాదు. ఇళ్ల మధ్య నీళ్లు పోయే దారి లేకపోవడం, కరెంటు తీగలు ఎవరూ చూసుకోకపోవడం. ఇక 24న, అంటే లోకం మన చేయి జారిపోవాల్సిన రోజున, ఢిల్లీలో కేంద్ర మంత్రివర్గం రైల్వే ఉద్యోగులకు 78 రోజుల బోనస్ ఆమోదించింది. దాదాపు 10.9 లక్షల మందికి అందే డబ్బు అది. తేదీని నమ్మి ముందే రాజీనామా ఇచ్చిన రైల్వే ఉద్యోగి ఎక్కడైనా ఉంటే, ఆ రోజు అతను పోగొట్టుకున్నది బోనస్ ఒక్కటే కాదు.

తేదీ తప్పాక ఏమైంది? క్యాలెండర్ మారింది. పాత జూలియన్ లెక్క ప్రకారం అక్టోబరు 7, 8 అన్నారు. అవీ వెళ్లిపోయాయి. మళ్లీ ఇంకో తేదీ వస్తుంది. అందుకే ఇది రాయడం.

అపోహ: “ఈసారి తేదీ ఖాయం. ఇక పొదుపెందుకు, చదువులెందుకు, ఉద్యోగమెందుకు?”

వాస్తవం: ఖాయం అన్న తేదీల జాబితా చాలా పొడుగు. అమెరికాలో బాప్టిస్టు బోధకుడు విలియం మిల్లర్ దానియేలు గ్రంథం లెక్కలు వేశాడు. ఆయన అనుచరులు చివరికి 1844 అక్టోబరు 22 దగ్గర ఆగారు. పంట కోయకుండా పొలంలోనే వదిలేసినవాళ్లున్నారు. 23న లేచి చూస్తే పొలం అక్కడే ఉంది. 1988లో ఎడ్గర్ విసెనాంట్ అనే మాజీ నాసా ఇంజనీరు ఆ ఏడే ఎత్తబడుట అనడానికి ఎనభై ఎనిమిది కారణాలతో పుస్తకం వేశాడు. ఎనభై ఎనిమిదీ తప్పాయి. 2017లో మళ్లీ సెప్టెంబరు 23నే పట్టుకున్నారు, ఆకాశంలో నక్షత్రాల అమరిక చూపించి. ఆ తేదీ అంటే వీళ్లకెందుకో అంత మక్కువ!

1992 అక్టోబరు 28 కథ అన్నిటికన్నా నీతిదాయకం. దక్షిణ కొరియాలో ఈ జాంగ్ రిమ్ అనే బోధకుడు ఆ రోజే ఎత్తబడుట అన్నాడు. జనం ఉద్యోగాలు వదిలి, ఆస్తులు అమ్మి కానుకలిచ్చారు. పోలీసులు ఆయన్ను పట్టుకున్నప్పుడు బయటపడిందేమిటంటే, ఆయన కొనుక్కున్న బాండ్ల గడువు తీరేది 1993 మేలో. మందకు అక్టోబరుతో లోకం సరి, కాపరికి మాత్రం మే దాకా వడ్డీ! మోసం కేసులో ఆయనకు జైలుశిక్ష పడింది.

2011లో అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ మే 21 అన్నాడు. అంతకుముందు 1994 అని తప్పినవాడే. ఆయన్ను నమ్మి, న్యూయార్క్ రవాణా సంస్థలో పనిచేసి రిటైరైన ఒకాయన తాను దాచుకున్న 1,40,000 డాలర్లు ప్రకటనల మీద పెట్టేశాడు. మే 21 సాయంత్రం టైమ్స్ స్క్వేర్‌లో నిలబడి చూశాడు. ఏమీ జరగలేదు. క్యాంపింగ్ అక్టోబరు 21కి మార్చాడు, తర్వాతి ఏడు తప్పు ఒప్పుకున్నాడు. ఒప్పుకోలుతో రిటైరైన మనిషి డబ్బు తిరిగి రాదు. జీవితమంతా రైల్వేలో చాకిరీ చేసి, క్వార్టర్ ఖాళీ చేశాక తాల్‌బగీచాలో రెండు గదులు వేసుకుందామని ఎదురుచూసే మనిషికి ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

డబ్బుతో పోతే అదృష్టమే. కెన్యాలోని షకహోలా అడవిలో 2023లో నాలుగు వందలకు పైగా శవాలు తవ్వి తీశారు. యేసును కలుసుకోవాలంటే తిండి మానాలన్న బోధ విని చనిపోయినవాళ్లు, వాళ్లలో పసిపిల్లలూ ఉన్నారు. బోధకుడు పాల్ మెకంజీ మీద హత్యాభియోగాలు మోపారు. తేదీల పిచ్చి అంతదాకా ప్రతిసారీ వెళ్లదు, నిజమే. కానీ చిన్నపిల్లల మనసుల్లో పెట్టే భయం ప్రతిసారీ ఉంటుంది. అమ్మ గోల్‌బజార్ నుంచి రావడం ఆలస్యమైతే, తనను వదిలేసి ఎత్తబడిపోయిందేమోనని ఒణికే పిల్ల ఉన్న ఇంట్లో సువార్త చేరిందనుకోవడం ఎలా?

“ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియదని ప్రభువే అన్నాడు కదా” అంటే వీళ్ల దగ్గర రెడీమేడ్ జవాబుంది. అమావాస్య తర్వాత నెలవంక కనబడితేనే శృంగధ్వని పండుగ మొదలవుతుంది కాబట్టి, ఆ మాట ఆ పండుగకు సంకేతమట. సరే, మత్తయి 24లో ఆ వాక్యం పూర్తిగా చదవండి. దూతలకు తెలియదు, కుమారుడికీ తెలియదు అని ఉంది. యూదుడిగా పుట్టి, ఏటా పండుగలకు యెరూషలేము వెళ్లిన యేసుకు శృంగధ్వని పండుగ ఎప్పుడొస్తుందో తెలియదా? సంకేతం అనేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో, కాలాల సంగతి మీ పని కాదు, సాక్షులుగా ఉండడం మీ పని అని శిష్యులకు తేల్చి చెప్పాడు కూడా.

ఈ పుకారు మొదటి శతాబ్దంలోనే పుట్టింది. ప్రభువు దినం వచ్చేసిందని థెస్సలొనీక సంఘంలో ప్రచారమైంది. అప్పుడు వాట్సాప్ లేదు, పౌలు పేరుతో దొంగ ఉత్తరం చాలు. పౌలు రెండో పత్రిక రెండో అధ్యాయంలో కంగారు పడొద్దన్నాడు. మూడో అధ్యాయంలో పని మానేసి తిరిగేవాళ్లను గట్టిగా మందలించాడు, పని చేయనివాడికి తిండి కూడా వద్దన్నాడు. ఎత్తబడుట గురించి మనకు చెప్పినవాడే ఉద్యోగం మానొద్దని చెప్పాడు. ఒక పత్రిక చదివి రెండోది మూసేస్తే ఎలా?

అపోహ: “ఏడేండ్ల శ్రమలకు ముందే రహస్యంగా ఎత్తబడతాం. ఇది నమ్మనివాడు రక్షణ పొందనట్టే.”

వాస్తవం: ఇళ్లలో చిచ్చు పెట్టేది ఇదే. తండ్రి తెలుగు బాప్టిస్టు సంఘానికి వెళ్తాడు, కొడుకు కొత్త ప్రార్థనా మందిరానికి వెళ్తాడు, ఇద్దరికీ మాటల్లేవు. ప్రభువు తిరిగి వస్తాడు, మృతులు లేస్తారు, తీర్పు ఉంటుంది. ఇంతవరకు అన్ని సంఘాలకూ ఒకటే. నాలుగో శతాబ్దపు నైకేయ విశ్వాస ప్రమాణంలో ఉన్నదీ ఇంతే, అందులో టైంటేబుల్ లేదు.

తేడా వరుసలో వస్తుంది. కేథలిక్కులు, లూథరన్లు, సీఎస్ఐలో చాలామంది అగస్టీను దారిలో వెయ్యేండ్ల పరిపాలనను సూచనగా తీసుకుంటారు. రాకడ ఒక్కటే, రెండు విడతలు కాదంటారు. ఇంకో వర్గం వెయ్యేండ్ల పరిపాలనను అక్షరాలా నమ్ముతుంది కానీ, సంఘం శ్రమలు దాటాకే ఎత్తబడుతుందంటుంది. శ్రమలకు ముందే అనే మూడో బోధను 1830ల్లో ప్లిమత్ బ్రదరన్ నాయకుడు జాన్ నెల్సన్ డార్బీ ఒక పద్ధతిగా తీర్చాడు. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు నోట్సు దాన్ని లోకమంతా పంచాయి. తెలుగు నేలకు బ్రదరన్ వాళ్లు తొందరగానే వచ్చారు. 1836లో బౌడెన్, బీర్ దంపతులు వచ్చి నరసాపురం చుట్టూ గోదావరి డెల్టా మిషను నాటారు. మన పెంతెకొస్తు సంఘాల్లో ఎక్కువ భాగం కూడా డార్బీ వరుసనే చెబుతాయి. బాప్టిస్టుల్లో మూడు రకాల వాళ్లూ ఉన్నారు. వీళ్లంతా అదే బైబిలు చదివి, అదే ప్రభువు కోసం చూస్తున్నవాళ్లు. వరుస తేడా వస్తే రక్షణ పోతుందని అపొస్తలులెవరూ చెప్పలేదు.

ఇటువైపు వాళ్లకూ ఒక మాట. “ఎత్తబడుట అంతా డార్బీ అల్లిన కథ” అని నవ్వేవాళ్లు మొదటి థెస్సలొనీక పత్రిక నాలుగో అధ్యాయం తెరవాలి. మేఘాల మీద ప్రభువును కలుసుకోవడం అక్కడ స్పష్టంగానే ఉంది. డార్బీది ఆ వాక్యం కాదు, దాన్ని రాకడ నుంచి విడదీసి ఏడేండ్లు ముందుకు జరపడం.

మిగతావి, వరసగా:

ఆధార్ మృగపు ముద్ర: మిజోరంలో కొందరు ఈ భయంతోనే ఆధార్ వద్దన్నారు. ప్రకటన 13లో ముద్ర మృగాన్ని పూజించేవాడికి, రేషన్ తీసుకునేవాడికి కాదు.

666 బార్‌కోడ్‌లో దాగుంది: పాత చేతిరాత ప్రతుల్లో కొన్నింట ఆ సంఖ్య 616 అని కూడా ఉంది. ముందు అది తేల్చుకోండి.

ఇశ్రాయేలు 1948లో ఏర్పడింది కాబట్టి నలభై ఏళ్లలో రాకడ: 1988 వచ్చి వెళ్లింది.

రక్తచంద్రుడు, ఎర్ర ఆవు: గ్రహణాలు పంచాంగంలో ముందే ఉంటాయి, ఆవులు పశువుల సంతలో ఉంటాయి.

ఇవి అంత్యదినాలు: అవును. పెంతెకొస్తు రోజున పేతురు కూడా అదే అన్నాడు.

అపోహ అనుకున్నా కొంత నిజమున్నది: “రాకడ బోధ విన్నవాడు బాగుపడతాడు.”

ఒప్పుకోవాలనిపించదు, కానీ ఒప్పుకోక తప్పదు. రాకడ భయంతో తాగుడు మానినవాళ్లు, అన్నదమ్ములతో రాజీపడినవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. అంతకన్నా పెద్ద సాక్ష్యం నూజివీడులో ఉంది. 1844లో తేదీ తప్పాక చెదిరిపోయిన మిల్లర్ మనుషుల్లోంచి పుట్టినవాళ్లే సెవెన్త్ డే అడ్వెంటిస్టులు. ఎదురుచూపు మానలేదు, తేదీలు మానేశారు. 1925లో నూజివీడులో గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి పెట్టింది వాళ్లే. నరసాపురంలో కుష్ఠురోగులకు బెతెస్ద ఆసుపత్రి నడిపింది ఎత్తబడుటను గట్టిగా నమ్మే బ్రదరన్ వాళ్లే. రేపు ప్రభువు వస్తాడని నమ్మినవాళ్లు ఇవాళ రోగి పుండు కడిగారు. మనిషిని పాడుచేసేది రాకడ మీద నిరీక్షణ కాదు, దానికి కట్టే తేదీ.

నైట్ డ్యూటీలో ఉన్న పాయింట్స్‌మన్‌కు ఇన్‌స్పెక్టర్ ఎప్పుడొస్తాడో తెలియదు. తెలియదు కాబట్టే పాయింటు వదిలి గుమ్మంలో నిలబడి దారి చూడడు. యజమాని వచ్చేసరికి పనిలో కనబడిన దాసుడే ధన్యుడని మత్తయి 24 చెప్పేదీ ఇదే.

కాబట్టి రాబోయే తేదీకి ముందే కొన్ని పనులు చేసుకోండి. పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బు మీద ఇంట్లో ఇద్దరి సంతకం లేకుండా ఏ కానుకా ఇవ్వకండి. బీపీ, షుగర్ మాత్రలు ఏ ఉపవాసం కోసమూ డాక్టరును అడక్కుండా ఆపకండి. పిల్లల ముందు “నువ్వు విడిచిపెట్టబడతావు” అనే మాట అనకండి. వీడియో పంపినవాడిని, పోయినసారి తప్పిన తేదీకి క్షమాపణ చెప్పాడా అని అడగండి. తేదీ చెప్పే బోధకుడికి అంత నమ్మకమే ఉంటే, ఆ తేదీ మర్నాటి నుంచి చెల్లేలా తన ఇల్లు మీ పేర రాసి రిజిస్టర్ చేయించమనండి. ఆయన ఎలాగూ ఉండడు కదా. కొరియా బాండ్ల సంగతి తెలిశాక ఈ ఒక్క పరీక్ష చాలు. సంతకం పెట్టేవాడు ఇంకా పుట్టలేదు.

ఇక వాట్సాప్‌లో వచ్చిన ఆ వీడియో మీ ఫోన్ దగ్గరే ఆగిపోనివ్వండి. ఎవరికీ పంపకండి.